సింహాచలం ఏడవాల్సిన రోజు

1. సోమవారం

పొద్దుటి లాంచీలో పాయగట్టు చేరాను. దిగీదిగగానే ఒకావిడ నా చేతిలో మడ మొక్కల కట్ట పెట్టింది. పేరు నూకరత్నం. బయట ఎండుచేపలు అమ్మేది. మార్కెట్ కాంట్రాక్టరు తల మీద తూకం రాయితో కొట్టి ఇక్కడికొచ్చింది.

"చూడ్డానికొచ్చారా, రాయడానికొచ్చారా?" అంది.

"రెండూ."

"అయితే మూడోది కూడా చెయ్యండి. నీళ్ళెక్కేలోపు ఈ వరస నాటెయ్యాలి. చెప్పులు విప్పండి పేపరమ్మా, బురద మింగేస్తది."

పేపర్లు ఆగిపోయి చాలా ఏళ్ళయింది. పేరు మాత్రం మిగిలింది. మధ్యాహ్నం అన్నాల వేళకి అందరూ నన్ను పేపరమ్మ అనే పిలుస్తున్నారు.

పాయగట్టుకి గోడల్లేవు. ఒక పక్క సముద్రం, ఒక పక్క మడ అడవి, మధ్యలో నీటిని ఆపే గట్టు. కోర్టు జైలుకి బదులు ప్రొబేషన్ ఇచ్చినవాళ్ళు ఇక్కడ ఉంటారు. షరతు ఒకటే, చికిత్స పూర్తి చెయ్యాలి. పగలు గట్టు పని, సాయంత్రం కౌన్సెలింగ్. మెడ కింది ఎముక దగ్గర రూపాయంత బిళ్ళ అంటిస్తారు. గుండె, ఊపిరి, చెమట చూసి ఆ బిళ్ళ ఒంట్లో ఉద్రేకాన్ని అంకెగా మారుస్తుంది.

ఎవరి అంకె వాళ్ళకి చూపించరు. నలుగురైదుగురిని ఒక జట్టు చేసి, అందరి సగటు తీస్తారు. జట్టుని అధికారులు సమూహం అంటారు. ఉండేవాళ్ళు గంప అంటారు. ఒక్క చేప కుళ్ళితే గంపంతా పోతుందని నూకరత్నం వివరణ. సగటు ఎంతో పాక ముందు స్తంభం మీది దీపం చెబుతుంది. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు.

నేను చూడబోయే గంపలో నలుగురున్నారు. పాకలో మంచాలు ఐదు.

"ఐదోది ఎవరిది?" అని అడిగాను.

బయట దీపం ఆకుపచ్చ నుంచి పసుపుకి తిరిగింది. ఇంకో ప్రశ్న అడగలేదు.

2. మంగళవారం

ఐదో మంచం అప్పలకొండది. ఈ సంగతి ప్రొబేషన్ అధికారి హైమవతి గారు చెప్పారు. ఆవిడ మాట తక్కువ మనిషి, అబద్ధం చెప్పే మనిషిలా లేరు.

దీపం ఎర్రబడి అలాగే నిలబడితే అధికారి వస్తారు. గంపని ఒకే ప్రశ్న అడుగుతారు: ఎవరు? గంప ఒకరి మీద వేలు చూపించాలి. వాళ్ళ బిళ్ళ తీసేసి మిగతావాళ్ళ సగటు మళ్ళీ చూస్తారు. ఎరుపు పోతే మిగతావాళ్ళు ఉంటారు, వేలు పడ్డవాళ్ళు జైలుకి పోతారు. ఎవరూ వేలెత్తకపోతే గంపంతా పోతుంది.

అప్పలకొండ ఒకరోజు అన్నం దగ్గర గట్టిగా అరిచాడు. దీపం ఎర్రబడింది. ముగ్గురు వేలెత్తారు. నాలుగోవాడు సింహాచలం. అతను తలదించుకుని కూర్చున్నాడు. ముగ్గురి వేళ్ళు సరిపోయాయి.

"అంకెలు మీ దగ్గర ఉంటాయి కదా. చూసి మీరే చెప్పొచ్చుగా?" అన్నాను.

"నేను చెబితే అది శిక్ష అవుతుంది. వాళ్ళు చెబితే బాధ్యత అవుతుంది. పద్ధతి అలా పెట్టారు. గంపలో మనిషి ఎవరైనా అడిగితే మాత్రం చదివి తీరాలి."

"ఎవరైనా అడిగారా?"

"లేదు. అవసరమేముంది? ఎవరు అరిచారో అందరూ విన్నారు."

3. బుధవారం

మిగతా ఇద్దరి గురించి. గఫూర్ దూరపు బస్సుల డ్రైవరు. నిద్ర రాకుండా మాత్రలు వేసుకుని నడిపి, బస్సుని కాలవలో దింపాడు. ఎవరూ చనిపోలేదు. మాత్రలు మానాడు, ఆ లోటు టీతో పూడుస్తున్నాడు. ఎస్తేరు నర్సు. రోగులకివ్వాల్సిన నొప్పి ఇంజెక్షన్లు తనే వేసుకుంది. చికిత్స పూర్తయితే ఆమెకి నర్సు రిజిస్ట్రేషన్ తిరిగొస్తుంది, గఫూర్‌కి లైసెన్సు. నూకరత్నానికి మార్కెట్లో పాత చోటు.

సింహాచలానిది భీమిలి అవతల ఊరు. పడవ ఇంజన్ల మెకానిక్. తాగి ఒక మనిషి చెయ్యి విరిచాడు. ఇప్పుడు కేంద్రంలో నీటి పంపులన్నీ అతనే చూస్తాడు. గంపలో అందరికన్నా నిమ్మళమైనవాడు అతనేనని మిగతా ముగ్గురి నమ్మకం. "మా అన్న గంపకి లంగరు. మేమెంత ఎగిరినా సగటు కిందికి లాగుతాడు," అన్నాడు గఫూర్.

పదకొండింటికి హైమవతి గారు పంపు దగ్గరికి వచ్చారు. సింహాచలం తల్లి పైడితల్లి తెల్లవారుజామున పోయిందని చెప్పారు. నేను పక్కనే ఉన్నాను.

అతను నట్టు బిగిస్తున్నాడు. బిగించడం ఆపలేదు.

"నిబంధన ప్రకారం వెళ్ళొచ్చు. గంపంతా కలిసి రావాలి," అన్నారావిడ. "దహనం అందకపోవచ్చు. తెర మీద చూపించమంటే ఏర్పాటు చేస్తాను."

"వొద్దండి."

"పోనీ ఊరికైనా..."

"ఎల్తే ఏడుస్తానండి. తెర మీద సూసినా ఏడుస్తాను. ఈలంతా ఏటైపోతారు?"

నట్టు బిగిసింది. పంపు నడిచింది. పాక వైపు చూశాను. దీపం ఆకుపచ్చగా ఉంది.

4. శుక్రవారం

సింహాచలం చేతిలోంచి పానా జారి సముద్రంలో పడింది. ఒక పూటలో ఇది రెండోది. నిన్న పంపు పట్టీ తిరగేసి పెట్టాడు. అన్నం పళ్ళెం ముందు కూర్చుంటాడు, పక్క మనిషి తినడం అయిపోగానే తనూ లేచిపోతాడు. మాట్లాడమంటే మాట్లాడతాడు. గొంతులో తేడా లేదు.

"ఇది శాంతం కాదు," అంది ఎస్తేరు. "వార్డులో ఇలాంటివాళ్ళని చూశాను. మూత బిగించిన కుక్కరు."

నూకరత్నం నెమ్మదిగా, మొక్కలు నాటుతూనే, అతన్ని అడిగింది. "మీ ఊళ్ళో ఎలా చేస్తారయ్యా?"

అతను చెప్పాడు. వాళ్ళ ఊళ్ళో పెద్దకర్మ లోపు కడుపున పుట్టినవాళ్ళు చచ్చిపోయినవాళ్ళని గొంతెత్తి పిలిచి ఏడవాలి. పిలవకపోతే పోయినవాళ్ళు గడప దాటరు. గుమ్మంలోనే నిలబడిపోతారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు లేరు. ఉన్నది తనొక్కడే.

"మా యమ్మ అసలే మోకాళ్ళ నొప్పుల మనిసి. నిలబడలేదు," అన్నాడు.

దీపం కదల్లేదు. అతను బకెట్ పట్టుకుని వెళ్ళిపోయాడు.

పెద్దకర్మ వచ్చే శనివారం. ముగ్గురూ అక్కడే, బురదలో మోకాళ్ళ దాకా దిగి, మంతనాలు మొదలెట్టారు. లెక్క గఫూర్ వేశాడు. ఐదుగురున్నప్పుడు ఒకరు ఏడ్చినా మిగతా నలుగురు గట్టిగా నిలబడితే దీపం పసుపు దాటదు. నలుగురే అయితే దాటుతుంది. ఐదోవాళ్ళు కావాలి.

ముగ్గురూ నా వైపు చూశారు.

ప్రొబేషన్‌లో లేనివాళ్ళెవరైనా గంపకి "తోడు"గా బిళ్ళ పెట్టుకోవచ్చట. పెట్టుకుంటే పది రోజుల దాకా తియ్యకూడదు. తోడు అంకె కూడా సగటులో కలుస్తుంది.

"మీకంటే చల్లని మనిషి ఎక్కడ దొరుకుతారు పేపరమ్మా?" అన్నాడు గఫూర్. "మనిషి పోయాడన్నా రాసుకుంటారు, పుట్టాడన్నా రాసుకుంటారు. మొహంలో మార్పే ఉండదు."

ఆలోచించి చెబుతానన్నాను.

5. సోమవారం

ఒప్పంద పత్రం రెండుసార్లు చదివాను. తోడు మీద వేలు పడితే అదే రోజు కేంద్రం విడిచిపోవాలి. వేలు పడ్డ తోడు విలేకరి అయితే, ఇక్కడ సేకరించిన వార్త ఏ సంస్థా ప్రచురించకూడదు. సంతకం చేశాను.

కారణం నా రోజువారీ లాగ్‌లో రాయాలి. ఇంకో మంచం ఖాళీ అయితే, ఎలా అయిందో చూసి రాయడం నా పని. ఆ పని చెయ్యాలనిపించలేదు. ఇంతకన్నా మంచి కారణం లేదు.

హైమవతి గారు బిళ్ళ అంటించారు. చల్లగా తగిలింది. అందరం పాక ముందుకొచ్చి నిలబడ్డాం. దీపం కాసేపు ఆకుపచ్చగా ఉండి, పసుపుకి తిరిగి, అక్కడే ఆగిపోయింది.

"బిళ్ళ పాడైందేమో," అన్నాను.

హైమవతి గారు మార్చారు. కొత్త బిళ్ళకీ దీపం పసుపే.

నూకరత్నం నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "పైకి మంచుగడ్డ, లోపల బట్టీ! ఓరి గఫూరూ, మంచి తోడునే తెచ్చావురా. లంగరనుకుని తెరచాప కట్టావు."

"నాకేం తెలుసక్కా, మొహం చూసి మోసపోయాను."

ఎస్తేరు నవ్వాపుకోడానికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వినా అంకె పెరుగుతుంది. నేను వచ్చాక వాళ్ళకి నవ్వే వెసులుబాటు కూడా పోయింది.

ముప్పై ఏళ్ళుగా తుఫాన్లు, కాల్పులు, ఓడ ప్రమాదాలు రాశాను. చెయ్యి వణకలేదు. చెయ్యి వణకకపోవడం, లోపల నిమ్మళంగా ఉండడం ఒకటేననుకున్నాను. బిళ్ళ అలా అనుకోవడం లేదు.

6. గురువారం

మూడు రోజులుగా నాకు శిక్షణ. ఎస్తేరు ఊపిరి నేర్పుతోంది. నూకరత్నం చేప ముల్లు తీయడం నేర్పుతోంది. ముల్లు తీసేటప్పుడు వేరే ఆలోచన రాదట. నాకు వస్తోంది. వేలు తెగింది.

అయినా దీపం రోజులో సగం ఆకుపచ్చగా ఉంటోంది, ఎందుకంటే మిగతావాళ్ళు నా వాటా కూడా మోస్తున్నారు. ఎస్తేరు ఇంటికి ఫోన్ చెయ్యడం మానేసింది. మొగుడితో మాట్లాడితే అంకె ఆగదు. గఫూర్ పేకాట మానాడు. శనివారం టీ కూడా ముట్టనని ప్రకటించాడు. టీకి గుండె వేగం పెరుగుతుందని ఎస్తేరు చెప్పింది.

"అసలు టీ తాగకపోతేనే నా గుండె ఎక్కువ కొట్టుకుంటది," అని గొణిగాడు. అయినా మాట మీదున్నాడు.

నూకరత్నం సింహాచలం దగ్గర ముక్కలు ముక్కలుగా పైడితల్లి సంగతులు రాబడుతోంది. ఏం వండేది, ఏమని తిట్టేది, సారా కొట్టు ముందు నిలబడి కొడుకుని ఏమని పిలిచేది. ధర అడిగినట్టు అడుగుతుంది. అతనూ అలాగే చెబుతాడు. ఎందుకడుగుతున్నావన్నాను.

"శోకం పెట్టాలంటే సరుకుండాలి కదమ్మా. ఊరికే అమ్మా అమ్మా అంటే ఎవరి అమ్మో తెలీదు."

సింహాచలం ఈ రోజు ఇంకో పానా పోగొట్టాడు.

7. శనివారం, మధ్యాహ్నం

పోటు తగ్గింది. గట్టు చివర, పాక దీపం కనిపించే చోట, ఐదుగురం వరసగా కూర్చున్నాం. మధ్యలో సింహాచలం. ఎదురుగా బురద మీద పీతలు తిరుగుతున్నాయి. దీపం ఆకుపచ్చ.

"ఊఁ, కానీ అన్నా," అన్నాడు గఫూర్.

సింహాచలం సముద్రం వైపు చూశాడు. నోరు తెరిచాడు. మూశాడు.

"రావట్లేదు," అన్నాడు.

పీతలు దగ్గరికొచ్చాయి. అతను మళ్ళీ ప్రయత్నించాడు. దగ్గొచ్చింది.

"ఇన్నాళ్ళు బిగబట్టాను కదా. ఎలా వొదలాలో తెలీట్లేదు."

నూకరత్నం కాళ్ళు చాపుకుని శోకం మొదలెట్టింది. మామూలుగా శోకమంటే గుండెలు బాదుకుంటారు, గొంతు ఆకాశానికి పోతుంది. ఆమె అంకె పెరగకూడదు. కాబట్టి సరుకుల పట్టీ చదివినట్టు, ఎత్తూ పల్లం లేని గొంతుతో మొదలెట్టింది.

"ఓ పైడితల్లమ్మా. ఎటెళ్ళిపోయావమ్మా. రొయ్యపొట్టులో మావిడికాయేసి వండేదానివి. ఇకెవరు వండుతారమ్మా. ఉప్పు ఎక్కువేసేదానివి. అడిగితే గరిటె చూపించేదానివి. సారా కొట్టు ముందు చీపురట్టుకుని నిలబడేదానివి. నా కొడుకు లోపలున్నాడా, కూర సల్లారిపోతంది, పంపండి అనేదానివి. ఇప్పుడెవరు పిలుస్తారమ్మా. నీ చీపురేదమ్మా."

సింహాచలం ఆమె వైపు తిరిగాడు. భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు.

"ఇదేటి శోకమే నూకరత్నం? కిలో ఎంతో సెప్పలేదు."

"నవ్వుతావేంటన్నా!" గఫూర్ బతిమాలాడు. "ఏడువ్! పొద్దున్నుంచి నీ కోసం చుక్క టీ కూడా తాగలేదు!"

అది విని ఇంకా నవ్వాడు. ఒంగిపోయి నవ్వాడు. బురదలో చెయ్యి ఆనించి నవ్వాడు. ఆ నవ్వులో ఒకచోట ఊపిరి అందలేదు. తర్వాత వచ్చినది నవ్వు కాదు.

"ఓలమ్మా!"

ఆ పిలుపు గట్టు ఆ చివరిదాకా పోయింది. పక్క గంపలవాళ్ళు పని ఆపి చూశారు.

"ఓలమ్మా! వొచ్చీసినానే! కూర సల్లారిపోనీకే! లోపల్లేనే, బైటే ఉన్నానే! ఎల్లిపోవే అమ్మా, నిలబడకే, మోకాళ్ళ నొప్పే నీకు, ఎల్లిపోవే!"

దీపం పసుపు.

మేం నలుగురం అతన్ని ముట్టుకోలేదు. ముట్టుకుంటే మా అంకెలు పెరుగుతాయి. ఎస్తేరు కళ్ళు మూసుకుని ఊపిరి లెక్కపెడుతోంది. గఫూర్ రెండు చేతులూ స్టీరింగ్ పట్టుకున్నట్టు ముందుకి చాపాడు. నూకరత్నం ముల్లు తీస్తున్నట్టు వేళ్ళు కదుపుతోంది. నేను సముద్రంలో పడవలు చూశాను. మూడు. ఒకటి తెల్లది. రెండిటికి తెరచాపలు. మళ్ళీ చూశాను. మూడు.

అతను చాలాసేపు ఏడ్చాడు. పిలుపు ఏడుపైంది, ఏడుపు ఎక్కిళ్ళయింది, ఎక్కిళ్ళు మూలుగయ్యాయి. ముక్కు చీదాడు. మొహం కడుక్కోడానికి నీళ్ళ దాకా నడిచి వెళ్ళాడు. నడక మామూలుగా ఉంది.

అయిపోయిందనుకున్నాం. అప్పుడు దీపం ఎర్రబడింది.

8. శనివారం, సాయంత్రం

హైమవతి గారు వచ్చేసరికి దీపం ఇంకా ఎరుపులోనే ఉంది. ఆవిడ మొహం చూస్తే రావడం ఇష్టం లేనట్టు తెలుస్తోంది.

"ఎవరు?" అన్నారు.

గఫూర్ నేల చూశాడు. ఎస్తేరు పెదాలు కొరుకుతోంది. ఎవరూ వేలెత్తకపోతే నలుగురూ రేపటి లాంచీలో జైలుకి పోతారు. ఆ సంగతి ఐదుగురికీ తెలుసు.

సింహాచలం తడి చేతులు పంచెకి తుడుచుకుని, వేలు తన గుండె మీద పెట్టుకోబోయాడు. "అందరూ ఇన్నారు కదండీ. ఏడ్సినోడిని నానే."

అందరూ విన్నారు. ఈ మాట నేను ఇంతకుముందు ఒకసారి విన్నాను.

"ఒక్క నిమిషం," అన్నాను. "నేనూ గంపలో మనిషినే. దీపం ఎర్రబడ్డప్పటి అంకెలు విడివిడిగా చదవండి."

హైమవతి గారు నా వైపు చూశారు. తర్వాత చేతి పలక తీశారు. నిబంధన అది.

"సింహాచలం, ముప్పై ఎనిమిది."

గఫూర్ తల ఎత్తాడు. "ఎంతా?"

"ముప్పై ఎనిమిది. ఏడ్చినప్పుడు తొంభై దాటింది. తర్వాత పడిపోయింది. అందరిలోకీ ఇదే తక్కువ." తెర మీద ఉన్నది ఆవిడ కూడా మొదటిసారి చదువుతున్నట్టుంది. "గఫూర్, అరవై తొమ్మిది. ఎస్తేరు, డెబ్బై మూడు. నూకరత్నం, డెబ్బై ఆరు."

"నేనా?" అంది నూకరత్నం. "నేను కదల్లేదు కదమ్మా!"

"ఐదోది?" అన్నాను.

"తొంభై తొమ్మిది."

ఏడ్చిన మనిషి చల్లబడ్డాడు. పక్కన కూర్చుని ఆపుకున్న నలుగురం దీపాన్ని ఎర్రగా చేశాం. అందులో పెద్ద వాటా నాది. ఇది అభిప్రాయం కాదు, పలక మీద ఉంది.

వేలు నా మీద పెట్టుకున్నాను. "ఈ బిళ్ళ తీసి మళ్ళీ చూడండి."

"ఒప్పందం గుర్తుందా?" అన్నారు హైమవతి గారు. "మీరు రాసింది ఎక్కడా రాదు."

"గుర్తుంది."

"పేపరమ్మా, వద్దు," అంది ఎస్తేరు.

"అబద్ధం చెప్పట్లేదమ్మా. అంకె చెబుతున్నాను."

బిళ్ళ ఊడేటప్పుడు చర్మం లాగింది. ఎరుపు కాసేపు నిలబడింది. తర్వాత పసుపుకి తిరిగింది. గఫూర్ చతికిలబడి, టీ, టీ అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

నూకరత్నం హైమవతి గారికి ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"అమ్మా, ఇలా విడిగా చదవొచ్చని ముందెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు."

"అడగొచ్చని తెలిస్తే కదా అడిగేది!"

అడగొచ్చన్న సంగతి నాకు మొదటి మంగళవారం నుంచీ తెలుసు. లాగ్‌లో ఉంది. నాకు అవసరమైన రోజు దాకా నేనూ ఎవరికీ చెప్పలేదు.

"అప్పలకొండ అరిచిన రోజు అంకెలు కూడా ఉంటాయా అందులో?" అంది నూకరత్నం.

హైమవతి గారు పలక వైపు చూశారు. "ఉంటాయి."

"చదవద్దు," అన్నాడు గఫూర్ వెంటనే. "ఇప్పుడు చదివి ఏం చేస్తాం? వేలెత్తేశాం కదా. మనిషి వెళ్ళిపోయాడు కదా."

"ఎవరి వేలు ఎక్కడికి పోయిందో తెలియాలి గఫూరూ."

"వాడి అంకే ఎక్కువుంటే?"

"ఉంటే ఉంటుంది. లేకపోతే?"

సింహాచలం ముందుకొచ్చాడు. ఏడ్చిన కళ్ళు వాచి ఉన్నాయి. గొంతు స్థిరంగా ఉంది. "సదవండమ్మా," అన్నాడు. "ఆ రోజు నాను మాటాడకుండా కూకున్నాను. బిగబట్టి కూకున్నాను. నా అంకె ఎంతో ముందు సదవండి."

లాంచీ కూత వేసింది. వేలు పడ్డ తోడు అదే రోజు గట్టు విడిచిపోవాలి. ఇద్దరు కాపలావాళ్ళు నా సంచి తెచ్చి పెట్టారు. ఇంకో ఐదు నిమిషాలు ఉంటానన్నాను. కుదరదన్నారు. ముప్పై ఏళ్ళలో వార్త మధ్యలో లేచి వెళ్ళడం ఇదే మొదలు.

నూకరత్నం లాంచీ దాకా రాలేదు. ఎస్తేరు వచ్చి, ఊపిరి మర్చిపోకండి అంది. వెంటనే వెనక్కి పరిగెత్తింది.

9. లాంచీలో

రిపోర్టు ఆఫీసుకి వెళ్ళదు. ఈ లాగ్ నాది. దీని మీద ఎవరూ సంతకం అడగలేదు.

బిళ్ళ ఉన్నచోట చర్మం ఎర్రగా, గుండ్రంగా ఉంది. కూర్చోలేకపోతున్నాను. లాంచీ వెనక చివరికి వెళ్ళి కమ్మీ పట్టుకుని నిలబడ్డాను.

గట్టు మీద నలుగురూ, హైమవతి గారూ అలాగే ఉన్నారు. ఆవిడ పలక ఎత్తి పట్టుకున్నారు. పెదాలు కదులుతున్నాయో లేదో ఇంత దూరం నుంచి కనిపించదు. దీపం కనిపిస్తుంది.

పసుపు.

మడ అడవి మలుపు దగ్గరపడుతోంది. ఒక మనిషి కూర్చుండిపోయాడు. ఎవరో చెప్పలేను. ఇంకొకరు దగ్గరికి వెళ్ళి అతని భుజం మీద చెయ్యి వేశారు. ఇందాక మేమెవరం చెయ్యని పని అది.

మలుపు తిరిగే ముందు దీపం ఎర్రబడింది. చూశాను. చదవడం అయిపోయినట్టు హైమవతి గారు పలక దించారు. వేలు చూపించడానికి ఎవరి చెయ్యీ పైకి లేవలేదు.